ఏసీ కొన్నది ఏప్రిల్ 20న, గది చల్లబడింది మే 16న

2024 ఏప్రిల్ 20న మేం ఏసీ కొన్నాం. అది మా ఇంట్లో మొదటిసారి తిరిగింది మే 16న. మధ్యలో ఇరవై ఆరు రోజులు. కొనేముందు నేను చాలా వెతికాను. ఏ కంపెనీ మంచిదో, ఏ మోడల్ చవకో చెప్పేవాళ్ళు బోలెడంత మంది దొరికారు. గోడకి కన్నం ఎక్కడ కొట్టాలో, నీళ్ళ పైపు ఎటు దిగాలో, బిగించేవాళ్ళు వచ్చినప్పుడు మనం పక్కన నిలబడి ఏం చూడాలో చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకే మాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది విజయవాడ. మామయ్యగారు 1998లో కట్టించిన ఇల్లు. కింద రెండు వాటాలూ అద్దెకిచ్చి, పై అంతస్తులో మేం ఉంటాం. నెత్తి మీద స్లాబు. పడమటి గోడకి చెట్టు నీడ గానీ పక్కింటి నీడ గానీ లేదు. సాయంత్రం ఆరింటికి ఆ గోడ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే ఉంటుంది. రాత్రి పన్నెండు దాటినా అది వేడి కక్కుతూనే ఉంటుంది. ఇన్నేళ్ళూ కూలర్‌తో నెట్టుకొచ్చాం. కానీ బెజవాడ ఉక్కలో కూలర్ చేసేది తక్కువ. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది, దానికి కూలర్ ఇంకాస్త తేమ కలుపుతుంది. పక్క బట్టలు తడితడిగా అయ్యేవి తప్ప ఒళ్ళు చల్లబడేది కాదు.

ఉగాది ఏప్రిల్ 9న. పదకొండో తేదీ పొద్దున మామయ్యగారు మంచం మీద నుంచి లేస్తూ తూలిపోయారు. ఆయనకి 78 ఏళ్ళు. బీపీకి నీరు పోయే మాత్ర వాడతారు. మాట తడబడుతుంటే పక్షవాతమేమో అని భయపడిపోయి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రక్త పరీక్షలో సోడియం 122 వచ్చింది. 135కి పైన ఉండాలట. రెండు రోజులు ఉంచుకుని సెలైన్ ఎక్కించి, మాత్ర మార్చి పంపించారు. ఇంటికి బయల్దేరేటప్పుడు డాక్టరుగారు నాతో ఒకటే చెప్పారు: "ఈ వయసులో ఇంత చెమట ఓడిపోకూడదమ్మా. గది చల్లగా ఉంచండి. నీళ్ళు మాత్రం నేను రాసినంతే ఇవ్వండి."

ఆటోలో వస్తూ మావారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మావారికి ఏసీ పడదు, కాళ్ళు లాగుతాయంటారు. ఆ రోజు మాత్రం ఏమీ అనలేదు.

మావారు నేరుగా షాపుకి వెళ్దామన్నారు. నేను ముందు ఎలక్ట్రీషియన్ని పిలిచాను. ఈ మొత్తం వ్యవహారంలో మేం వరస తప్పకుండా చేసిన పని అదొక్కటే. ఏప్రిల్ 16న ఆయన వచ్చి స్విచ్‌బోర్డు విప్పి చూశాడు. మామయ్యగారి గదిలో ప్లగ్గు పాయింటుకి వచ్చేది 1.5 స్క్వేర్ ఎం.ఎం. వైరు. అది కూడా ఫ్యానూ లైటూ తిరిగే లైన్లోంచే లాగారు. "దీని మీద ఏసీ పెడితే గోడలోనే వైరు కరుగుతుందమ్మా" అన్నాడు. మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎం.ఎం. వైరు లాగి, దానికి 20 యాంప్స్ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తనే ఆగిపోయే స్విచ్), మెటల్ ప్లగ్ బాక్సు పెట్టాలన్నాడు. ఎర్త్ సంగతి చూద్దామని టెస్ట్ ల్యాంపు ఒక వైరు ఫేజుకీ ఇంకోటి ఎర్త్‌కీ పెడితే బల్బు గుడ్డిగా వెలిగింది. పెరట్లో ఎర్తింగ్ గుంత ఎన్నేళ్ళ నుంచి ఎండిపోయి ఉందో. ఆ సాయంత్రమే తవ్వించి, ఉప్పూ బొగ్గూ వేసి, నాలుగు బిందెల నీళ్ళు పోశాం. మర్నాడు అదే బల్బు మామూలుగా వెలిగింది. అన్నేళ్ళుగా గీజరు, వాషింగ్ మెషీన్ ఆ ఎర్త్ మీదే నడిచాయని తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

వైరు పని ఏప్రిల్ 25కి పూర్తయింది. సామాను 4,600, కూలి 1,600.

కరెంటు బిల్లు మీద మా లోడు 2 కిలోవాట్లని ఉంది. గీజరు, మోటారు, ఫ్రిజ్ ఉన్న ఇంటికి అది ముందే చాలదు. ఇంకో రెండు కిలోవాట్లకి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాం. డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ అన్నీ కలిపి నాలుగు వేల లోపే అయ్యాయి. ఇందులో ఇబ్బందేమీ కలగలేదు.

షాపుల దగ్గరికి వస్తాను. ఏప్రిల్ 18న గవర్నర్‌పేటలో రెండు, బందరు రోడ్డులో ఒకటి తిరిగాం. గది పొడవు 12 అడుగులు, వెడల్పు 11. మొదటి షాపులో కుర్రాడు ఆ కొలత వినగానే ఒక టన్ను చాలు అన్నాడు. రెండో షాపులో ఆయన మాత్రం ముందు "పైన ఇంకో అంతస్తు ఉందా? ఎండ ఏ గోడ మీద పడుతుంది?" అని అడిగాడు. స్లాబు కింద గది, పైగా పడమటి గోడ అనగానే ఒకటిన్నర టన్ను తీసుకోమన్నాడు. టన్నుది పెడితే మధ్యాహ్నం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, అయినా గది చల్లబడదు, కరెంటు మాత్రం కాలుతుంది అని విడమరిచి చెప్పాడు. అతని దగ్గరే కొన్నాం.

త్రీ స్టారా, ఫైవ్ స్టారా అన్నది తేల్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. స్టార్లు చూడకండి, ఆ లేబుల్ మీదే ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో రాసి ఉంటుంది, అది చూడండి. ఆ అంకె ఏడాదికి 1,600 గంటలు వాడితే అని లెక్కగట్టింది. మేం చూసిన త్రీ స్టార్‌కి 1,020 యూనిట్లు, ఫైవ్ స్టార్‌కి 790. తేడా 230 యూనిట్లు. మా బిల్లు ఏసీ పెట్టాక ఎటూ 225 యూనిట్లు దాటుతుంది, ఆ పైన 2024లో యూనిట్ 8 రూపాయల 75 పైసలు. అంటే ఏడాదికి రెండు వేల తేడా. ఒకటి 36,000, ఇంకోటి 44,500. నాలుగేళ్ళు దాటితే పెట్టిన డబ్బు వెనక్కి వస్తుంది. మామయ్యగారు పగలూ రాత్రీ ఆ గదిలోనే ఉంటారు కాబట్టి ఫైవ్ స్టార్ తీసుకున్నాం. రాత్రి నాలుగు గంటలు, అదీ రెండు నెలలు మాత్రమే వాడే ఇంటికైతే నేను త్రీ స్టారే తీసుకోమంటాను.

బిల్లు చేతికొచ్చాక జీఎస్టీ 28 శాతం (2024లో ఏసీలకి అంతే ఉండేది), తొమ్మిది వేల ఏడు వందల పైచిలుకు అని చూసి ప్రాణం ఉసూరుమంది. ముసలాయన గది చల్లబరచడం విలాసం కింద లెక్క అన్నమాట. ఇరవై వేలు చేతిలో ఉన్నవి కట్టి మిగతాది ఆరు నెలల ఈఎమ్‌ఐ పెట్టాం, నెలకి 4,083. అదనపు వారంటీ తీసుకోమని కౌంటర్ దగ్గర చాలాసేపు అడిగారు. మా మోడల్‌కి కంప్రెసర్ మీద పదేళ్ళు, పీసీబీ (లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు) మీద ఐదేళ్ళు కంపెనీ వారంటీ ముందే ఉంది కాబట్టి వద్దన్నాం.

స్టెబిలైజర్ అక్కర్లేదని డబ్బా మీదే రాసి ఉంది. మా ఎలక్ట్రీషియన్ రాత్రి ఎనిమిదింటికి మీటరు పెట్టి చూపించాడు: 178 వోల్టులు. అందరి ఇళ్ళలో ఏసీలు వేసుకునే వేళకి మా వీధిలో ఇదీ పరిస్థితి. 2,900 పెట్టి స్టెబిలైజర్ కూడా తెచ్చాం. మీ వీధిలో రాత్రిపూట వోల్టేజీ ఎంతుందో చూసుకుని తేల్చుకోండి, పగటి పూట చూసింది పనికిరాదు.

ఏప్రిల్ 22న డెలివరీ వచ్చింది. రెండు పెట్టెలు. కింద గుమ్మం దగ్గర దించి, పైకి మోయడం తమ పని కాదన్నారు. బయట పెట్టే యూనిట్ ముప్పై కిలోల పైనే ఉంటుంది. మూడు వందలు ఇస్తే మోశారు. పెట్టెలు మీరు విప్పకండి, కంపెనీ మనిషి వచ్చాకే విప్పాలి అని చెప్పి వెళ్ళారు. బిగించడానికి నలభై ఎనిమిది గంటల్లో వస్తారని బిల్లు మీద ముద్ర ఉంది.

ఇరవై నాలుగో తేదీ మావారు సెలవు పెట్టి కూర్చున్నారు. ఎవరూ రాలేదు. ఇరవై ఆరున ఫోను చేస్తే, మీ ఏరియాలో కాల్స్ ఎక్కువగా ఉన్నాయి, సోమవారం వస్తారు అన్నారు. సోమవారం ఇరవై తొమ్మిది. ఆ రోజు మధ్యాహ్నం నా ఫోనుకి మెసేజ్ వచ్చింది: "మీ ఇన్‌స్టలేషన్ పూర్తయింది. మా సేవకి రేటింగ్ ఇవ్వండి."

ఆ మెసేజ్ చదివి నేను వంటింట్లో అలాగే నిలబడిపోయాను. పెట్టెలు హాల్లో, కట్టిన తాళ్ళు కట్టినట్టే ఉన్నాయి. మామయ్యగారు వాటి పక్కనే తడి తువ్వాలు ఛాతీ మీద వేసుకుని పడుకుని ఉన్నారు. కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. కస్టమర్ కేర్‌కి చేస్తే, సిస్టమ్‌లో క్లోజ్ అయింది, మళ్ళీ కొత్త రిక్వెస్ట్ పెట్టాలి, కొత్తది వరసలో చివరికి వెళ్తుంది అన్నారు. నేను ఒప్పుకోలేదు. సీలు కనిపించేలా పెట్టెలకి ఫోటో తీసి, ఆ మెసేజ్, డెలివరీ రసీదు జత చేసి, ఫిర్యాదుగా ఈమెయిల్ పంపాను. పాత నంబరు మీదే తెరిచి, పాత తేదీ ప్రకారమే వరసలో పెట్టమని రాశాను. రెండు రోజులకి తెరిచారు. ఈమెయిల్ లేకపోతే ఇంకో పది రోజులు పట్టేదనే నా నమ్మకం. ఫోనులో మాట్లాడిందానికి సాక్ష్యం ఉండదు.

ఆ వారం రాత్రులు మర్చిపోలేను. గంటకోసారి లేచి మామయ్యగారి నుదురు తడిమి చూసేదాన్ని. చెమట పట్టి ఉంటే భయం, పట్టకపోయినా భయం. ఆయన మాత్రం ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "వస్తార్లే అమ్మాయ్, ఎండాకాలం కదా, వాళ్ళకీ తీరిక ఉండొద్దూ" అనేవారు.

మే 8న ఎట్టకేలకు ఒక కుర్రాడు వచ్చాడు. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వైపు వాళ్ళది. పొద్దుటి నుంచి మాది ఆరో ఇల్లట. షర్టు చెమటకి అట్ట కట్టింది. ముందు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాను.

బయటి యూనిట్ ఎక్కడ పెట్టాలన్నదే మొదటి చిక్కు. మేం అనుకున్నది ఉత్తరం గోడకి స్టాండు కొట్టి వేలాడదీద్దామని. ఆ గోడకి ఎదురుగా పక్కింటి పిన్నిగారి వంటింటి కిటికీ ఉంది. డ్రిల్లింగ్ మెషీన్ చప్పుడు కాకముందే ఆవిడ కిటికీలోంచి పిలిచారు: "అమ్మాయ్, ఆ వేడిగాలంతా నా పొయ్యి మీదకే కొడుతుంది, కాస్త చూసుకో." మా ఇద్దరిళ్ళ మధ్య ఆరడుగుల సందు. ఆవిడ మాట నిజం. పైగా ఆ కుర్రాడూ ఇంకో విషయం చెప్పాడు. పై అంతస్తు గోడకి వేలాడదీస్తే ప్రతి సర్వీసుకీ ఒక మనిషి తాడు కట్టుకుని దిగాలి. డాబా మీద స్టాండు వేసి పెడితే ఎవరైనా నిలబడి పని చేసుకోవచ్చు. ఎండ పడుతుంది కదా అంటే, చుట్టూ గాలి ఆడితే ఇబ్బంది లేదు, పైన ఎత్తుగా చిన్న రేకు నీడ వేయించుకోండి, గాలి వదిలే వైపు మాత్రం అడ్డం పెట్టకండి అన్నాడు. పిట్టగోడకి అడుగున్నర ఎడంగా డాబా మీద పెట్టాలని తేల్చుకున్నాం.

తర్వాత కన్నం. లోపలి యూనిట్ కిటికీ పైన పెడితే గది నిండా గాలి వస్తుందన్నాడు. సరే అన్నాం. డ్రిల్లింగ్ మొదలుపెట్టిన పది నిమిషాలకి కీచుమని శబ్దం, నిప్పురవ్వలు. కిటికీ పైన లింటెల్ (ఇనప ఊచలు వేసిన కాంక్రీటు దిమ్మ) ఉంటుందన్న సంగతి అతనికీ తట్టలేదు, మాకూ తట్టలేదు. లోపల ఊచ తగిలింది. బిట్టు పళ్ళు రెండు ఊడిపోయాయి. ఇంకో బిట్టు తన దగ్గర లేదు. ఇంతలో కరెంటు పోయింది. సాయంత్రం అయిదు దాటింది. గోడలో సగం దాకా గుండ్రటి గుంత, కింద సిమెంటు పొడి. "రేపు పొద్దున్నే వస్తానక్కా" అని వెళ్ళాడు.

మర్నాడు రాలేదు. పదో తేదీ తనే ఫోను చేశాడు. "అక్కా, ఓటుకి ఊరెళ్తున్నా. రైళ్ళు కిటకిటలాడుతున్నాయి, ఇవాళ ఎక్కకపోతే చేరలేను. పదిహేనుకి వచ్చేస్తా." పోలింగ్ మే 13న. ఓటుకి వెళ్ళే పిల్లవాణ్ణి ఏమనగలం? జాగ్రత్తగా వెళ్ళి రమ్మన్నాను. ఫోను పెట్టేశాక మాత్రం ఆ గోడలో గుంతని చూస్తే నీరసం వచ్చేసింది. వేరే మనిషిని పంపమని ఆఫీసుకి చేస్తే, అందరూ అలాగే ఊళ్ళకెళ్ళారన్నారు. పదమూడున మేమూ మామయ్యగారిని పొద్దున ఆరున్నరకే ఆటోలో బడికి తీసుకెళ్ళి వరసలో నిలబెట్టాం. ఎండ ఎక్కేలోపు ఓటు వేయించి తీసుకొచ్చేశాం.

ఈ ఆగిన రోజులు ఒక రకంగా కలిసొచ్చాయి. మా పెద్దమ్మగారి అబ్బాయి విశాఖపట్నంలో శీతల గిడ్డంగిలో పని చేస్తాడు. జరిగినదంతా చెప్పుకుని బాధపడుతుంటే అన్నయ్య అన్నాడు: "ఆలస్యమైతే అయింది. బిగించే రోజు ఒక్కటి మాత్రం పట్టుబట్టు. పైపులు కలిపాక వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలీ తేమా లాగెయ్యాలి, కనీసం పావుగంట. చాలామంది ఆ పంపు తేరు. యూనిట్లో ఉన్న గ్యాస్‌నే కాస్త వదిలి గాలిని తోసేశాం అంటారు. గ్యాస్ తగ్గుతుంది, తేమ లోపలే ఉండిపోతుంది. రెండేళ్ళకి కంప్రెసర్ మూలుగుతుంది." నేను అది డైరీలో రాసుకున్నాను.

మే 16, గురువారం. మాట ఇచ్చినదానికి ఒక్క రోజు ఆలస్యంగా అతను వచ్చాడు, ఇంకో సహాయకుణ్ణి వెంటబెట్టుకుని. ఈసారి మా ఇల్లు కట్టిన మేస్త్రిగారి కొడుకుని కూడా పిలిపించాను. అతను గోడ తట్టి చూసి, లింటెల్ అంచు ఎక్కడిదాకా ఉందో బొగ్గుతో గీత గీశాడు. దానికి పది అంగుళాలు పక్కన కన్నం కొడితే ఏడు నిమిషాల్లో అవతలికి తేలింది. లోపల నుంచి బయటికి కాస్త కిందికి వాలుగా కొట్టాలి, లేకపోతే వాన నీళ్ళు గోడలోకి వస్తాయి.

పైపులు కలిపాక వాక్యూమ్ పంపు ఏదీ అని అడిగాను. "ఆర్-32 గ్యాస్ కదక్కా, గ్యాస్‌తోనే గాలి కొట్టేస్తాం, అందరికీ అంతే" అన్నాడు. ఆర్-32కి నిప్పు అంటుకునే గుణం కొద్దిగా ఉంటుందని అన్నయ్య ముందే చెప్పాడు. "బాబూ, నీ మీద నమ్మకం లేక కాదు, పంపు లేకుండా నేను ఓటీపీ చెప్పను" అన్నాను. పని అయిందని రాసుకోవడానికి మన ఫోనుకొచ్చే ఓటీపీ వాళ్ళకి కావాలి. అది మన చేతిలో ఉన్నంతసేపే మన మాట నడుస్తుంది, పని ముగిసేదాకా చెప్పకండి. అతను కాసేపు మౌనంగా ఉండి, సహాయకుణ్ణి బండి మీద ఆఫీసుకి పంపించాడు. గంట పట్టింది. పంపు పెట్టి ఇరవై నిమిషాలు తిప్పారు. గేజి ముల్లు సున్నా కిందికి, మైనస్ 30 దగ్గరికి వెళ్ళింది. పంపు ఆపాక పది నిమిషాలు చూశాం, ముల్లు కదల్లేదు. అప్పుడు గ్యాస్ వాల్వు తిప్పి, నట్ల మీద సబ్బు నురగ పూశాడు. ఒక్క బుడగ రాలేదు. "ఇలా చేస్తే మాకూ మళ్ళీ మళ్ళీ తిరిగే పని ఉండదక్కా. కానీ రోజుకి ఏడు ఇళ్ళు చెయ్యమంటారు" అన్నాడు. ఆ మాటకి నాకు అతని మీదున్న కాస్త కోపం కూడా పోయింది.

డబ్బు లెక్క దగ్గర మళ్ళీ చిన్న గొడవ. అన్నీ కలిపి 5,600 అన్నాడు, నోటితో. కంపెనీ యాప్‌లో రేట్ల పట్టిక ఉంది, అది తెరిచి ఒక్కొక్కటీ చూద్దామన్నాను. బిగించడానికి 1,499. పెట్టెలో మూడు మీటర్ల రాగి పైపు వస్తుంది, మాకు పట్టింది నాలుగున్నర, అదనపు ఒకటిన్నర మీటరుకి 1,350. స్టాండు 750. నీళ్ళ పైపు 300. కన్నానికి 500. మొత్తం 4,399, బిల్లుతో సహా.

సాయంత్రం నాలుగూ ఇరవైకి రిమోట్ నొక్కాం. తెర మీద 24 కనిపించింది. 2020 నుంచి అమ్మే ఏసీలన్నీ మొదట 24 దగ్గరే మొదలవ్వాలని నిబంధన ఉందట. అరగంటకి పడమటి గోడ ఇంకా వెచ్చగానే ఉంది కానీ గదిలో గాలి మారిపోయింది. ఆ జిగట పోయింది. మామయ్యగారు లోపలికొచ్చి మంచం మీద కూర్చుని రెండు చేతులూ ముందుకు చాపి అలాగే ఉండిపోయారు. రాత్రి 27లో పెట్టి ఫ్యాను రెండులో తిప్పాం. నేను అలవాటు ప్రకారం ఒంటిగంటకి లేచి వెళ్ళి నుదురు తడిమాను. పొడిగా, చల్లగా ఉంది. గురక పెడుతున్నారు. నెల రోజుల తర్వాత ఆ రాత్రి నేను తెల్లారేదాకా లేవకుండా పడుకున్నాను.

పంతొమ్మిదో తేదీ పొద్దున లేచి చూస్తే లోపలి యూనిట్ కింద గోడ మీద నీటి చారలు, నేల మీద మడుగు. కొత్త ఏసీ కారడమేమిటని కంగారు పడ్డాం. మళ్ళీ ఫోన్లు, మళ్ళీ టెన్షన్. ఇరవై ఒకటిన ఇంకో పెద్దాయన వచ్చి గోడ బయట ఒక్క చూపు చూసి కారణం చెప్పేశాడు. మాకు గ్యాస్ పైపులు గోడ దాటి పైకి, డాబా మీదికి వెళ్తాయి. నీళ్ళ పైపు కిందికి దిగాలి. వాళ్ళు అన్నిటినీ కలిపి ఒకటే టేపు చుట్టేశారు, దాంతో నీళ్ళ పైపు కూడా జానెడు పైకి వెళ్ళి అప్పుడు కిందికి వంగింది. ఆ వంపులో నీళ్ళు నిలిచి వెనక్కి వచ్చేశాయి. టేపు కోసి, నీళ్ళ పైపుని విడదీసి, కన్నంలోంచి నేరుగా వాటంగా కిందికి దింపాడు. పావుగంట పని. తర్వాత లోపలి ట్రేలో చెంబుడు నీళ్ళు పోయించి, బయట ధారగా పడుతున్నాయో లేదో చూపించాడు. ఈ పరీక్ష మొదటి రోజే చేయించి ఉంటే గోడ పాడయ్యేది కాదు. డాబా మీద యూనిట్ పెట్టించుకునే ప్రతి ఒక్కరూ ఇది గుర్తుపెట్టుకోండి, పైపులు పైకి వెళ్ళినా నీళ్ళ పైపు కిందికే పోవాలి.

ఆ పైపు నీళ్ళు కింద వాటా వాళ్ళ బట్టల తీగ మీద పడుతున్నాయని ఇంకో రెండు రోజులకి తెలిసింది. వాళ్ళు మొహమాటపడి చెప్పలేదు. పైపు పొడిగించి పెరట్లో బకెట్లోకి పెట్టాం. మా ఉక్కకి రాత్రికి బకెట్‌లో సగం పైన నీళ్ళు దిగుతాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయొచ్చా అని మామయ్యగారు అడిగితే, కాయిల్ మీది దుమ్మూ లోహపు పొడీ కలుస్తాయి, పొయ్యొద్దు అన్నాడు ఎలక్ట్రీషియన్. ఇల్లు తుడవడానికి వాడుతున్నాం.

పాత గుంత పూడ్చడానికి మేస్త్రికి 600 ఇచ్చాం. ఏసీ 44,500, స్టెబిలైజర్ 2,900, వైరింగ్ 6,200, మోతకూలి 300, బిగింపు 4,399, ఈ ఆరు వందలు కలిపితే 58,899. లోడు పెంచడానికి కట్టింది కూడా వేసుకుంటే అరవై రెండు వేలు దాటింది. షాపులో ధర చూసి 45 వేలు చేతిలో పెట్టుకుని వెళ్ళేవాళ్ళు ఇంకో పద్దెనిమిది వేలు పక్కన పెట్టుకోండి.

జూన్ 7న మొదటి బిల్లు వచ్చింది. అంతకుముందు మాకు 180, 200 యూనిట్లు వచ్చేది. ఈసారి 412. ఇరవై రెండు రోజులే తిరిగింది, రాత్రి పది గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు. బిల్లు మూడు వేలకి కాస్త తక్కువ. తొమ్మిది వందలు కట్టేవాళ్ళకి అది బరువే. 400 దాటితే యూనిట్ 9 రూపాయల 75 పైసలు అవుతుంది కాబట్టి మధ్యాహ్నం వాడకం ఒక గంట తగ్గిద్దామని మావారూ నేనూ అనుకున్నాం. ఆ మాట మామయ్యగారి చెవిన పడింది. మర్నాడు మధ్యాహ్నం ఏసీ వెయ్యకుండా చెమటలు కక్కుతూ కూర్చున్నారు. వెళ్ళి రిమోట్ తీసుకుని వేసి, ఇంకెప్పుడూ ఆయన వినేలా బిల్లు గురించి మాట్లాడుకోకూడదని మావారితో చెప్పాను.

గోడ మీద పూడ్చిన చోట ఇంకా పెయింటు వేయించలేదు. వానలు పడి గోడ తడి ఆరాక వేయిస్తాం. ఫిల్టర్లు పదిహేను రోజులకోసారి నేనే విప్పి కుళాయి కింద కడుగుతున్నాను. మొదటి ఉచిత సర్వీసుకి ఆగస్టులో పిలవాలని క్యాలెండర్ మీద రాసి పెట్టుకున్నాను.